గడప రంగు తివాచీ

ఆ రోజుల్లో చోడవరంలో మేడ ఉన్నవాళ్ళే తక్కువ, ఆ మేడ మెట్లకి ఉన్ని తివాచీ పరవాలన్న బుద్ధి పుట్టినవాళ్ళు ఇంకా తక్కువ. ఆ బుద్ధి మా ఊరి మిల్లు షావుకారుగారికి పుట్టి, పదహారేళ్ళ నా ప్రాణం మీదికొచ్చింది. మా నాన్న ఏలూరులో తివాచీ నేత నేర్చుకొచ్చి ఇంటి వసారాలోనే మగ్గం పెట్టుకున్నాడు. ఏ తివాచీకి ఏ రంగులు వేయాలో నన్నే అడిగేవాడు. (ఇంట్లో నాకున్న ఒకే ఒక్క పదవి అది.) గోవాడ నుంచి మా అన్నయ్య పెళ్ళాం కాపురానికి వచ్చేదాకా.

వదిన వచ్చిన నెల తిరక్కుండా ఇల్లంతా వదిన భజనే. వదిన చారు, వదిన ముగ్గు, ఆఖరికి వదిన తుమ్మినా మా అమ్మకి ముద్దే. నాకు ఒళ్ళు మండిపోయేది. షావుకారుగారి మెట్లకి ఏ రంగులేద్దామని నాన్న వదిన్ని కూడా అడిగేసరికి నాకు అన్నం సహించలేదు. ఆవిడ తడుముకోకుండా, "బెల్లం వండే పెనం సూసేరా మావయ్యా? ముందు సెరుకురసం, తరవాత తేనె రంగు, ఆఖర్న ఎర్రబెల్లం. కింది మెట్టుకి ముదురు, పైకెళ్ళేకొద్దీ లేత. మట్టికాళ్ళు పడినా కనపడదు" అంది. నాన్న మొహం వెలిగిపోయింది, నాది మాడిపోయింది.

"బెల్లానికి సీమలు పడతాయి!" అన్నాను. అంతకంటే మంచి మాట తోచలేదు.

శుక్రవారం పొద్దున్నే అమ్మ గడపకి పసుపు రాసి కుంకం బొట్లు పెడుతుంటే నాకు దారి దొరికింది. పచ్చటి పసుపు మీద ఎర్రటి బొట్లు! ఇంతకంటే కళైన రంగులు ఎక్కడున్నాయి? ఏడ్చి, మొత్తుకుని, ఒక పూట పస్తుండి నెగ్గాను. "పోన్లెండి మావయ్యా, సిన్నపిల్ల" అంది వదిన. (ఆ జాలికి ఇంకా మండింది.)

గృహప్రవేశం నాడు మెట్ల మీద నా తివాచీ ధగధగలాడింది. షావుకారుగారి అమ్మగారు కాలెత్తి, టక్కున ఆగిపోయింది. "ఓలమ్మో! గడపకి పసుపు రాసి బొట్లెట్టినట్టుంది. దీన్ని తొక్కుతామేటి!" అని వంగి కళ్ళకద్దుకుంది. ఇంక ఎవరు తొక్కుతారు? చుట్టాలంతా దండం పెట్టుకుని, అంచున ఖాళీగా ఉన్న బెత్తెడు మెట్టు మీద గోడని కరుచుకుని ఎక్కారు. కొత్తగా వేసిన సున్నం పట్టుచీరలన్నిటికీ అంటుకుంది.

"ఏటయ్యా ఇది! ఎక్కడానికి ఏయమంటే దండాలెట్టుకోడానికి ఏసేవు?" అన్నారు షావుకారుగారు. నాన్న ఆ పూటే దాన్ని మెట్ల మీంచి ఊడదీశాడు. నా తివాచీని వాళ్ళ దేవుడి గదిలో పటాల వెనక గోడకి కట్టారు. మెట్లకి వదిన బెల్లం రంగుల తివాచీయే వచ్చింది. వచ్చినవాళ్ళల్లా దాని మీద నడిచి, ఎంత బాగుందో అనేవారు. ఒక్కరైనా జారితే బాగుణ్ణని నేను కింద నిలబడి చూసేదాన్ని. ఒక్కరూ జారలేదు, ఖర్మ!

మొన్న వదిన, పళ్ళూడిన నోటితో బెల్లం ముక్క చప్పరిస్తూ, ఉన్నట్టుండి అంది: "ఒసే, నీ మీద అప్పుడెంత కుళ్ళుకున్నానో తెలుసా? నాదాన్ని ఊరంతా తొక్కింది. నీదానికి ఊరంతా దండవెట్టింది."

నాకు నవ్వాగలేదు. ఈ ముక్క అప్పుడే చెప్పి ఉంటే, ఆ పదహారేళ్ళ పిల్ల ఎంత హాయిగా నిద్రపోయేదో, పాపం.