మీట మీద చెయ్యి

కోట అనే ఊళ్ళో ఒక్కచోట కుదురుగా ఉండలేని మనిషి ఎవరంటే చిన్నపిల్లలు కూడా మైకుసెట్టు సమాధానం పేరే చెప్పేవారు. అన్నం తింటూ మధ్యలో లేస్తాడు. ప్రార్థనలో కళ్ళు తెరిచి దిక్కులు చూస్తాడు. కుర్చీ ఇస్తే కూర్చోడు, దాని కాలు ఊగుతోందేమోనని తిరగేసి చూస్తాడు. అలాంటివాడికి బైబిలు భాషలో శాంతి అని అర్థం వచ్చే పేరు పెట్టిన పెద్దల ముందుచూపును మెచ్చుకోవాలి.

మద్రాసు నుంచి తెచ్చిన వాల్వుల ఆంప్లిఫయరు ఒకటి, ఉమ్మెత్తపువ్వు ఆకారంలో రెండు హారన్లు, ఇవీ అతని ఆస్తి. పెళ్ళయినా, హరికథయినా, క్రైస్తవుల కూటాలయినా సరుగుడు వాసాలకు ఆ హారన్లే కట్టాలి. పాట ఎలా ఉందని అడిగిన పుణ్యాత్ముడు లేడు. అవతలి ఊరు చిట్టమూరు దాకా వినబడిందా అని అడిగేవారు. వినబడకపోతే ఆ పెళ్ళి జరగనట్టే లెక్క. అందుకని మైకుసెట్టువాళ్ళంతా వాల్యూం మీటను చివరికంటా తిప్పి వదిలేసేవారు. సమాధానం తిప్పేవాడు గానీ వదిలేవాడు కాదు.

అరవై ఒకటిలో కోతలయ్యాక తాటాకు పందిరి వేసి కూటాలు పెట్టారు. సమాధానం భార్య ప్రేమలీల పాట అందుకుంది. ఆ గొంతు విని మనసు పడే అతను ఆమెను చేసుకున్నాడు. ఆ సాయంత్రం మాత్రం అది హారన్లలోంచి పాతకోక చించినట్టు వచ్చింది. మర్నాడు బావి దగ్గర మస్తానమ్మ, "నిన్న మైకులో ఎవరో కొట్లాడుకుంటావుండారే, ఎవరు మే?" అని అడిగింది. పాపం, నిజంగా తెలియకే అడిగింది. ప్రేమలీల సగం బిందెతోనే ఇంటికొచ్చేసింది. అది మొదలు ప్రార్థన గుడిలో పాడలేదు. ఇంట్లో పిండి రుబ్బుతూ కూనిరాగమైనా తియ్యలేదు.

తన పెట్టె వల్లే ఆ పాట పోయిందని సమాధానానికి ముద్ద దిగలేదు. మళ్ళీ ఆమె చేత పాడించాలన్నదే అతని పిచ్చి అయింది. వాల్వులు మార్చాడు. ఉప్పుగాలికి తుప్పుపట్టిన తీగలన్నీ పీకి కొత్తవి అతికాడు. మైకుకు గుడ్డ చుట్టాడు, విప్పాడు, మళ్ళీ చుట్టాడు. రెండేళ్ళు ఇలా కొట్టుకోగా ఒక సంగతి పట్టుబడింది. వాల్వులు బాగా కాగాలి, పెట్టె మీద చెయ్యి పెడితే చురుక్కుమనాలి. అప్పుడు మీటను చివరికి కాస్త ఇవతల ఆపితే శబ్దం పగలదు, కాగిన పాలమీద మీగడలా చిక్కబడుతుంది. ఇంకొక్క పిసరు తిప్పితే చిరుగుతుంది. వెంకయ్య కూతురి పెళ్ళిలో మీట ఆ చోట ఉండగా సన్నాయి పలికితే వంటవాళ్ళు గరిటెలు వదిలేసి వచ్చి నిలబడ్డారు. చిట్టమూరుకు వినబడలేదని వెంకయ్య మాత్రం గొణుగుతూనే ఉన్నాడు.

మళ్ళీ కూటాలు వచ్చాయి. పందిట్లో ఎవరూ లేనప్పుడు ఒక్క చరణం పాడి చూడమని భార్యను బతిమాలాడు. మధ్యాహ్నం ఆమె చంటిపిల్లను చంకనేసుకుని వచ్చి పాడింది. మొదటి మాట చిక్కగా, తియ్యగా వచ్చింది. రాగం పైకి లేచేసరికి పలచబడింది, వెంటనే చిరిగింది. ఆమె ఆపేసింది.

"తిప్పినావా?"

"రవ్వంతే. పైకి పోయేటప్పుడు పగులుతాదేమోనని తగ్గించినా."

"నువ్వు తగ్గిస్తే నా గొంతు నాకే వినబడదు. వినబడకపోతే అరుస్తా. నేను అరిస్తే గొంతు చిరుగుతాది, నువ్వు బెదిరి మళ్ళా తిప్పుతావు. ఆ పొద్దు కూడా ఇదే గదయ్యా జరిగింది. వాళ్ళు విన్నది నా గొంతు కాదు, నీ చెయ్యి."

రెండేళ్ళుగా వాల్వులను తిట్టుకున్న మనిషి తన చేతిని తిరగేసి చూసుకున్నాడు.

"సాయంత్రం పాడతాలే," అందామె. "నువ్వు పెట్టె దగ్గర ఉండబాకు. పిల్లనెత్తుకుని మొగోళ్ళలో కూర్చో. నువ్వు కదిల్తే లేస్తాది. లేస్తే నాకోసం ఏడుస్తాది. అప్పుడు పాట ఆపి దిగొస్తా."

సాయంత్రం సమాధానం వాల్వులు కాగనిచ్చి, మీటను ఆ చోట నిలిపి, నిద్రపోతున్న పిల్లను ఒళ్ళో పెట్టుకుని చాప మీద చతికిలబడ్డాడు. కూటంలో అలా కూర్చోవడం అతనికదే మొదలు. ప్రేమలీల పాట ఎత్తుకుంది. అతని వేళ్ళు ఊరుకోలేక పిల్ల కాలి బొటనవేలిని పట్టుకుని అటూ ఇటూ తిప్పాయి. రాగం పైకి లేచింది. హారను చిటపటమంది. అతను లేవబోయాడు. పిల్ల మూలిగి చొక్కా పట్టుకుంది. మళ్ళీ కూలబడ్డాడు.

ప్రేమలీల అరవలేదు. మైకుకు ఒక అడుగు వెనక్కి జరిగి అదే రాగం నెమ్మదిగా అందుకుంది. గొంతు నిండుగా పందిరంతా పరుచుకుంది. తన చెయ్యి పడని ఆ గొంతు హారన్లలో వినడం సమాధానానికి అదే మొదటిసారి. సంతోషంతో కళ్ళు నిండాయి. తుడుచుకుందామంటే చేతులు ఖాళీ లేవు.

పాట అయ్యాక పాస్టరు సంజీవరావుగారు ప్రసంగానికి లేచి మైకును తట్టారు.

"సమాధానం, కాస్త పెంచయ్యా. చిట్టమూరు దాకా వినబడాల."

అందరూ పెట్టె వైపు చూశారు. అక్కడ ఎవరూ లేరు. చాప మీద నుంచి జవాబు వచ్చింది.

"పిల్ల నిద్రపోతావుంది అయ్యగారూ."