గంట మేస్త్రి చెవులు, నా రెండు పేజీల రిపోర్టు

కొత్తగా డిప్లొమా చేతికొచ్చిన ఆ రోజుల్లో, నాకు తెలియని విషయం ఏదైనా ఎదురైతే అది తెలుసుకోవలసినంత విషయం కాదని నా గట్టి నమ్మకం. ఆ నమ్మకంతోనే అనకాపల్లి శివార్లలో ఇత్తడి కుంకుమ భరిణెలు చేసే ఒక చిన్న ప్రెస్ షాపులో ట్రైనీగా చేరాను. పెళ్ళిళ్ళలో రిటర్న్ గిఫ్టులుగా పంచే భరిణెలవి. (మేము చర్చికి వెళ్ళేవాళ్ళం. నేను మొదట ఇంటికి తెచ్చిన భరిణెలో మా అమ్మ గుండుసూదులు పోసుకుంది.) ఆరు నెలలు బుద్ధిగా పనిచేస్తే పర్మనెంట్ చేస్తానని యజమాని గారు మాటిచ్చారు.

రాగిలో జింకు కలిపితే ఇత్తడి. ఎంత కలపాలన్న దగ్గరే తగువంతా. రాగి డెబ్బై పాళ్ళు, జింకు ముప్పై పాళ్ళు ఉన్న రేకు ప్రెస్సు కింద మెత్తగా సాగుతుంది. జింకు నలభైకి పెరిగితే చవకే గానీ మొండి. మా షాపులో రేకు ఎంచేది గంట మేస్త్రి. రేకు ముక్కను దారానికి వేలాడదీసి, మేకుతో చిన్నగా కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు కాబట్టి ఆ పేరు. విని "సాగుతాది" అనో "సాగదు" అనో తేల్చేసేవాడు. రేకు నీ చెవిలో ఏం చెబుతుంది బాబాయ్ అని నేను ఆటపట్టిస్తే, నీకు పుస్తకం సెప్పినట్టే సెప్తాదమ్మా అనేవాడు. ఆయన ఎప్పుడూ డెబ్బై రేకే ఎంచేవాడు, అది ఎప్పుడూ సాగేది. నాకు మాత్రం అదంతా సోదె చెప్పడంలా ఉండేది.

వానాకాలంలో, తయారైన భరిణెల మీద షాపు దుమ్ము పడుతోందని నేనే చొరవ తీసుకుని వాటిని వెనక స్టోరు గదిలోకి మార్పించాను. కిటికీ లేని గది, దుమ్ము రమ్మన్నా రాదు. (మునగపాకలో యజమాని గారి చెరకు తోటకు వెళ్ళవలసిన కోళ్ల ఎరువు బస్తాలు కూడా అక్కడే ఉండేవి. ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుంటే సరిపోయేది.) రెండు వారాలకు చూస్తే, ఎవరూ ముట్టుకోని భరిణెలకు అంచు నుంచి కిందికి సన్నటి పగుళ్ళు. ఒకటీ రెండూ కాదు, బుట్టలకు బుట్టలు. యజమాని గారు తల పట్టుకున్నారు. నేను కాగితం పట్టుకున్నాను. రేకు ఎంపిక శాస్త్రీయంగా జరగడం లేదని రెండు పేజీల రిపోర్టు రాసిచ్చాను. దాంతో ఆ పని మేస్త్రి నుంచి తీసేసి నాకిచ్చారు. ఆయన దారం చుట్టి డ్రాయరులో పెట్టేశాడు.

ఇక నా ఏలుబడి. ముందు చవకని అరవై, నలభై రేకు తెప్పించాను. అది స్టోరు దాకా వెళ్ళకుండా ప్రెస్సులోనే అప్పడాల్లా విరిగింది. తర్వాత జింకు పదిహేను పాళ్ళే ఉన్న ఖరీదైన రేకు తెప్పించాను. అది స్టోరులో ఎన్నాళ్ళున్నా పగల్లేదు. నేను కాలరు లేని చుడీదారుకే కాలరు ఎగరేశాను. కానీ రంగు ఎర్రగా వచ్చింది. ఇత్తడి అడిగితే రాగి అంటగడతారా అని పెళ్ళివారు సరుకు మొత్తం తిప్పిపంపారు. నెలాఖరులోగా సంగతి తేల్చకపోతే వేరే పని చూసుకోమని యజమాని గారు నెమ్మదిగానే చెప్పారు.

ఉద్యోగం మాట అటుంచి, డెబ్బై రేకు పగిలి, ఎనభై అయిదు రేకు ఎందుకు పగల్లేదన్నది నాకు అన్నం సయించనివ్వలేదు. ఒక ఆదివారం చర్చికి బయల్దేరుతూ చీరకు పిన్ను కోసం అమ్మ భరిణె తీశాను. అదీ డెబ్బై రేకుదే, అదే వానాకాలం చూసింది. గీత కూడా లేదు. సూదులన్నీ మంచం మీద పోసి దాన్ని తిప్పి తిప్పి చూశాను. (ప్రార్థనకు ఆలస్యమైంది. అమ్మ ఇప్పటికీ అంటుంది.) సోమవారం షాపులో మిగిలిన ఆ రేకు ముక్కలతో రెండు కొత్త భరిణెలు చేయించి, ఒకటి షాపు బల్ల మీద, ఒకటి ఎరువు బస్తాల పక్కన పెట్టాను. ఎనిమిది రోజులకు బస్తాల పక్కది పగిలింది. అప్పుడు, పరీక్షలో రాదులే అని నేను వదిలేసిన పేజీ తెరిచాను. ప్రెస్సులో సాగదీసిన ఇత్తడిలో బిగువు మిగిలిపోతుందట. దానికి తేమా అమ్మోనియా వాయువూ తగిలితే చిట్లుతుందట. జింకు ఎక్కువైతే ప్రమాదం ఎక్కువట. ఆ గదిలో కళ్ళు మండించే ఘాటు కోళ్ల ఎరువులోంచి వచ్చే అమ్మోనియాదే. ఆ పేజీ నాలుగుసార్లు చదివాను. నాలుగుసార్లూ తప్పు నాదే.

మళ్ళీ డెబ్బై రేకే తెప్పించి, చడీచప్పుడు లేకుండా సరుకును ఆ గదిలోంచి మార్పించేస్తే ఎవరికీ తెలియదు. టీ వేళ దాకా ఈ ఆలోచన నాకు బాగా నచ్చింది కూడా. కానీ టీ తాగుతున్న మేస్త్రిని చూశాక నోరు ఊరుకోలేదు. అంతా చెప్పేశాను. ఆయన విని, గ్లాసు కింద పెట్టి, జేబులోంచి నాలుగు మడతల చీటీ తీశాడు.

"మొన్న వైజాగెళ్ళి సెవులు సూపించుకున్నానమ్మా. బాగానే ఉన్నాయన్నాడు డాక్టరు. బాగుంటే తప్పెలా ఇన్నానో తెలక, ఇంటికాడ కూడా సెప్పలేదు."

నాకు ఏడుపొచ్చింది. ఆయన మాత్రం ఆ వాయువు ఇత్తడిలోకి ఎలా దూరుతుందో చెప్పమని చిన్నపిల్లాడిలా అడిగాడు. నాకు తెలిసినంత చెప్పాను, తెలియనిది తెలియదన్నాను. తర్వాత ఇద్దరం యజమాని గారి దగ్గరికి వెళ్ళాం. ఆయన నన్ను తిట్టవలసినంతా తిట్టి, ట్రైనీ గడువు ఇంకో ఆరు నెలలు పొడిగించారు. బస్తాలు ఆ సాయంత్రమే మునగపాక వెళ్ళాయి.

ఇప్పుడు అచ్యుతాపురంలో, ఇంతకంటే పెద్ద కంపెనీలో రేకులు ఎంచేది నేనే. ఆ రిపోర్టు నకలు ఇంకా నా దగ్గరుంది. అప్పుడప్పుడు తీసి చదువుకుంటే, ఆ భాషకీ ఆ ధీమాకీ కడుపుబ్బ నవ్వొస్తుంది. మేస్త్రి ఒక్కడే బస్సెక్కి చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళడం గుర్తొచ్చేసరికి మాత్రం కాగితం మడిచి లోపల పెట్టేస్తాను.