పసుపు పెట్టిన ఫిల్ము

ఆ రోజుల్లో ఫోటో దిగితే, దిగిన సంగతి మరిచిపోయాక గాని బొమ్మ చేతికొచ్చేది కాదు. యుద్ధకాలం, ఫిల్ము చుట్ట దొరకడమే గగనం. మా గురజాలలో దాన్ని కడిగేవారు లేరు, మద్రాసుకు పోస్టులో పంపాలి. నాకప్పుడు పందొమ్మిదేళ్లు. నడికుడి స్టేషన్లో పనిచేసే మా బాబాయి తన డబ్బా కెమెరాను నాలుగు రోజులకని ఇచ్చేసరికి (అప్పటికి దాని మీట ఒక్కసారీ నొక్కి ఎరుగను) నా కాళ్లు నేల మీద నిలవలేదు. అక్క పెళ్లికి గుంటూరు నుంచి ఫోటోగ్రాఫరును పిలుస్తానన్న నాన్నతో "ఎందుకు నాన్నా, నేను లేనూ?" అనేశాను. అక్క మాత్రం పెళ్లికూతురి ముస్తాబులోనే నన్ను పక్కకు పిలిచి, "ఒరేయ్, నాయనమ్మ పక్కన నాదొక్కటి సరిగ్గా తియ్యరా, చాలు. అత్తారింటికి పట్టుకుపోతా" అంది.

మొత్తం ఎనిమిది తీశాను. మర్నాడు చుట్టను వెలుతురు తగలకుండా నల్లకాగితంలో పెట్టి, అట్టపెట్టెలో సర్ది, చిరునామా రాసి, భోజనం చేసొచ్చి పోస్టులో వేశాను. ఆ తర్వాత మూడు వారాలు, పోస్టుమాన్ మా వీధి తప్పించుకు తిరిగేంతగా అతన్ని వేధించాను. కవరు వచ్చేనాటికి అక్క కూడా పుట్టింట్లోనే ఉంది. అందరి ముందూ విప్పితే ఫిల్ము అట్లపెనంలా నల్లగా ఉంది. ఒక్క బొమ్మా లేదు. తోడుగా ఇంగ్లీషులో ఒక చీటీ: ఫిల్ము మాకు చేరకముందే దానికి వెలుతురు తగిలింది, పైన ఏదో పసుపురంగు పొడి కూడా ఉంది, ఇకమీదట ఫిల్ము కడిగే మందులు మీరు కలపవద్దు, మేమే కలుపుకుంటాం.

"పొడేంది?" అన్నాడు నాన్న.

"పసుపు. నేనే పెట్టా" అంది నాయనమ్మ. "శుభలేఖకి నాలుగు మూలలా పసుపు పెట్టకుండా పంపుతామా? పెళ్లి బొమ్మల్ని వట్టిగా ఊరు దాటిస్తాడేంది వీడు? వీడు అన్నం తినేటప్పుడు వసారాలోకి తెచ్చి, మూలలు కనపడేదాకా విప్పా. చానా పొడుగుందిరా! ఒక్క బొమ్మన్నా లేదు. పిల్లాడు బాధపడతాడని చెప్పలా, మళ్లీ చుట్టేసి పెట్టా."

అక్క కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అది చూసి నాయనమ్మ కంగారుగా, "ఏమే, నేనేదన్నా తప్పు చేశానా?" అంది.

అక్క కళ్లు తుడుచుకుంది. "లేదు నాయనమ్మా. వీడికే తీయడం చాతకాలా."

నేను నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాను. బతుకులో నేను చేసిన మొదటి తెలివైన పని అదేననుకుంటాను. (నాయనమ్మ మాత్రం బతికున్నన్నాళ్లూ, వచ్చిన చుట్టాలందరికీ నా చాతకానితనాన్ని జాలిగా చెప్పింది.)

ఆ ఫిల్ము ఇప్పటికీ అక్క పెట్టెలో ఉంది. మనవలకు వెలుతురులో పట్టి చూపిస్తూ "ఇదిగో, మా నాయనమ్మ" అంటుంది. వాళ్లు ఎక్కడెక్కడని వెతికితే మూలనున్న పసుపు మరక మీద వేలు పెడుతుంది. నిజం చెప్పొద్దూ, నా ఎనిమిది ఫోటోల్లో ఎందరి తలలు తెగిపోయి ఉండేవో! నాయనమ్మ ఒక్కతే చక్కగా వచ్చింది.