పెట్టె ముందు పురుడు

కిందటి వేసవిలో చోడవరంలోని మా ఇంట్లో గుడ్లు పొదుగుతున్న నాటుకోడిని కుక్క పట్టుకుపోయింది. ఆ గుడ్లను మావారు థర్మాకోల్ పెట్టెలో బల్బు, నీళ్ల గిన్నె అమర్చి పొదగేశారు. పిల్లలు బయటికొచ్చే రోజు మాటిమాటికీ మూత తీస్తే లోపలి తేమంతా పోయి, గుడ్డు పొర ఎండి పిల్లకి అతుక్కుపోతుందట. మూత ముట్టుకోవద్దని చెప్పి ఆయన డ్యూటీకెళ్లారు.

మొదటి గుడ్డు చిట్లగానే మా అత్తగారు సంబరం పట్టలేకపోయారు. "రండర్రా, సూద్దురుగాని!" అని వీధిలో వాళ్లను పిలిచి, వచ్చినవాళ్లందరికీ మూత తీసి చూపించారు. నేను వద్దంటూనే ఉన్నాను. మధ్యాహ్నానికి గుడ్డులోంచి అరుపు ఆగిపోయింది. పొర కాగితంలా ఎండి, ముక్కు మాత్రం కనిపిస్తోంది.

అత్తగారి ముఖం పాలిపోయింది. "నానే సంపేసేనేటమ్మా?" అన్నారు.

గోరువెచ్చని నీళ్లతో పొరను తడిపి, తడిగుడ్డ లోపల పెట్టి మూత వేశాను. ఆవిడ స్టూలు లాక్కుని పెట్టె ముందు కూర్చున్నారు. అప్పుడే వచ్చిన పక్కింటావిడతో, "పురుడొచ్చిందమ్మా, పదోరోజు రా" అన్నారు. నాకు నవ్వొచ్చింది. అత్తగారు నవ్వలేదు.

సాయంత్రానికి ఆ పిల్ల తడి రెక్కలతో బయటపడింది. అత్తగారు దాన్నే చూస్తూ, "నీ రెండో కాన్పప్పుడూ నానిలా గుమ్మంలో కూకోవలసింది. వచ్చినోలందరికీ పసిగుంటని ఎత్తి సూపించేసేను. నీకు కునుకైనా ఉండేది కాదు" అన్నారు.

మా చిన్నదిప్పుడు హైస్కూల్లో చదువుతోంది. ఇన్నేళ్లూ ఆ మాట కోసం ఎదురుచూస్తున్నానని నాకే తెలియదు.