లేదుగారు

విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పత్రికల విభాగం చూసే ఆయన్ని విద్యార్థులు చాటుగా ‘లేదుగారు’ అంటారు. కళ్లజోడు నుదుటి మీదికి తోసి, పెన్ను మూత చెవిలో తిప్పుకుంటూ, కేటలాగ్ కంప్యూటర్ దగ్గర ఎవరు తడబడతారా అని కాచుకుని ఉంటాడు. వచ్చినవాళ్లందరిదీ ఒకటే పొరపాటు. కావలసిన వ్యాసం పేరు కొడతారు. అందులో ఉండేవి పత్రికల పేర్లే, వ్యాసాలవి కావు. ఆ ముక్క చెబితే ఆయన సొమ్మేం పోదు, కానీ చస్తే చెప్పడు. “సార్, ఏమీ రావడం లేదండీ,” అంటే, “రాకపోతే లేదన్నట్టే. నన్ను పుట్టించమంటావా?” అంటాడు. వాళ్లు మొహం వేలాడేసుకుని వెళ్తుంటే ఆయనకు చల్లారిన టీ కూడా కమ్మగా దిగుతుంది.

అలా ఒకసారి ఉత్తచేతులతో వెళ్లిన ఒక పరిశోధక విద్యార్థిని మొన్న మళ్లీ వచ్చింది. ఆ కిటుకు ఎక్కడ తెలుసుకుందో గాని, ఆయన వైపు చూడనైనా చూడకుండా పత్రిక పేరు కొట్టి, ఆయన వెనకున్న అల్మారాలోంచే సంపుటం లాక్కుంది. అంతటితో పోయినా బాగుండేది. పక్కన బిక్కమొహం వేసుకుని నిలబడ్డ అమ్మాయితో, “వ్యాసం పేరు కాదు చెల్లీ, అది అచ్చయిన పత్రిక పేరు కొట్టు. ఈయన చెప్పడులే,” అంది గట్టిగా. హాల్లో తలలన్నీ లేచాయి. లేదుగారు నుదుటి మీది కళ్లజోడు కిందికి లాక్కున్నాడు. మర్నాడు అందరికంటే ముందే వచ్చి, ఆ కంప్యూటర్‌కి ‘పని చేయడం లేదు’ అని కాగితం అంటించాడు. “బాగానే వెలుగుతోంది కదండీ?” అన్నారెవరో. “లేదు,” అన్నాడు, టీ చప్పరిస్తూ.