రాజవ్వ ముందు తప్పు ఒప్పుకున్న రోజు

మా ఊరు ఎల్లారెడ్డి. మా వాడకట్టు ఆడోళ్లం ఒకచోట కూర్చొని బీడీలు చేస్తం. అందులో చర్చికి పోయేది నేనొక్కదాన్నే.

మూడేండ్ల కింద, పక్కింటి రాజవ్వ కొడుకు మల్లేశం దుబాయిల పని చేస్తూ బిల్డింగు పైనుంచి పడ్డడని కబురొచ్చింది. తర్వాత నాలుగు రోజులు ఫోను లేదు. రాజవ్వ బీడీలు చుట్టుకుంటనే ఏడుస్తుంటే, యేసయ్య గురించి చెప్పడానికి ఇదే సమయం అనుకున్న.

"ముందే మా ప్రభువును నమ్ముకుంటే నీకీ బాధ వచ్చేది కాదవ్వా" అన్న.

అందరి చేతులు ఆగిపోయినయి.

"నా కొడుకు బతికిండో లేదో తెల్వక నేనేడుస్తుంటే, గిదా నువ్వు చెప్పేది?" అన్నది రాజవ్వ.

తల దించుకొని ఇంటికి పోయిన. తెల్లారి భయపడుకుంటనే వాళ్లింటికి పోయిన.

"తప్పయింది అవ్వా. నీ బాధ వినకుండ నా మాటే చెప్పిన. మా దేవుడు గట్ల మాట్లాడుమనలే. మల్లేశం కోసం ప్రార్థన చేస్త. నీకు ఇష్టం లేకుంటే మా ఇంట్లనే చేసుకుంట."

ఆమె కొంగుతో కండ్లు తుడుచుకొని, "ఈడనే చెయ్యి. వాని పేరు సరిగ్గ చెప్పు" అన్నది.

రోజూ పోయి ఆమె పక్కన కూర్చొని ప్రార్థించిన. వారానికి మల్లేశం దవాఖాన నుంచి ఫోన్ చేసిండు. కాలు విరిగింది గాని ప్రాణం దక్కింది. రాజవ్వ ఎల్లమ్మకు మొక్కు తీర్చుకున్నది. నేనేమీ అనలేదు. కొన్నాళ్లకు ఆమెనే, "మీ యేసయ్య ముచ్చట చెప్పు బిడ్డా, వింట" అన్నది.

విశ్వాసం గురించి చెప్పడానికి గట్టి గొంతు కావాలనుకునేదాన్ని. క్షమాపణ అడగడానికే నాకు ఎక్కువ ధైర్యం కావల్సొచ్చింది.