సామేలు కాక అరచేయి

తుప్పు ఇనుము మీద గ్రైండర్ పెడితే నిప్పురవ్వల వెంట ఒక మాడు వాసన లేస్తుంది. మొన్న బసంత్‌నగర్‌లో లారీ టైర్లకు గాలి పట్టించుకుంటుంటే పక్క షెడ్డులోంచి ఆ వాసన వచ్చింది. గాలి ఎంత పెట్టమంటావని రెండుసార్లు అడిగారట, నేను పలకలేదట. నా మనసు అప్పటికే గోదావరిఖనిలో మా పాత క్వార్టర్ ముందుకు వెళ్లి, సామేలు కాక పక్కన గొంతుక్కూర్చుంది.

కాక మా పక్క క్వార్టర్‌లో ఉండేవాడు. చుట్టం కాదు, మా నాన్నతో కలిసి బొగ్గుబాయిలో పనిచేశాడు గనుక కాక అయ్యాడు. బాయిలో కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం ఆయన పని. చెవులు సగం బాయిలోనే వదిలేసి వచ్చాడని చిన్నమ్మ, అంటే ఆయన భార్య, దెప్పేది. ఆదివారం చర్చిలో అందరూ పాట ముగించాక కూడా ఆయన ఒక్కడే ఇంకో చరణం పాడుతుండేవాడు.

నేను అప్పుడే ఒక పాత లారీ కొని బొగ్గు తోలుతున్నాను. రోజూ బొగ్గు బురద చిమ్మి, రేడియేటర్‌ను పట్టి ఉంచే ఇనుప చట్రాన్ని తుప్పు తినేసింది. షెడ్డుకు తీసుకెళ్తే పది రోజులు వదిలిపెట్టమన్నారు. పది రోజులు బండి నిలబడితే నా ట్రిప్పులు ఇంకొకరికి పోతాయి. ఆ ఏడుపేదో కాక దగ్గర ఏడిస్తే, ఆయన లుంగీ ఎగ్గట్టి లేచి, ఇంటి ముందే మనమే మార్చేద్దామన్నాడు. ఆయనకూ అక్కడ ఎక్కువ రోజులు లేవు. రిటైరయ్యాడు, నెలాఖరుకు క్వార్టర్ ఖాళీ చేసి నస్పూర్‌లో కూతురి దగ్గరికి వెళ్లిపోవాలి.

రేడియేటర్‌లో నీళ్లు బకెట్లలోకి దించి, దాన్ని ఊడదీసి, గోనెసంచి పరిచిన మంచం మీద పడుకోబెట్టాం. చిన్నమ్మ దాని మీద పాత చీర కప్పి బాలింతను చూసినట్టు చూసుకుంది. ఆ తర్వాత కాక చేసిన పని నేను ఏ షెడ్డులోనూ చూడలేదు. చిన్న కడ్డీతో చట్రాన్ని జానెడు జానెడుకూ కొడుతూ, ఎడమ అరచేతిని ఇనుముకు ఆనించి కళ్లు మూసుకున్నాడు. బాయిలో షిఫ్టు మొదలయ్యే ముందు కప్పును కర్రతో ఇలాగే కొట్టి చూస్తారట. గట్టి కప్పు ఖంగుమంటుంది, లోపల పొర విడిచిన కప్పు డొల్లగా పలుకుతుంది. ఒక్కోసారి మాత్రం చెవికి బాగానే వినిపిస్తూ, ఆనించిన చేతికి వణుకు తెలుస్తుందట.

"చెవినొక్కదాన్నే నమ్ముకొని కప్పు కింద నిలబడొద్దు బిడ్డా," అన్నాడు కాక.

చట్రానికి అడ్డపట్టీ, కుడివైపు నిలువు కాలు పోయాయని తేల్చాడు. వాటిని గ్రైండర్‌తో కోసేసి, కొత్తవి చేయించి బిగించాం. ఎడమ కాలు దగ్గరే పేచీ వచ్చింది. నా చెవికి అది గంటలా మోగింది. కాక మాత్రం అరచేయి పెట్టి, ఇది లోపల విడిచింది, ఇదీ తీసెయ్యాలె అన్నాడు. మర్నాటికి నేను ట్రిప్పు ఒప్పుకుని ఉన్నాను. విసుగొచ్చింది.

"మంచిగనే మోగుతుంది కాకా. నీకే వినబడ్తలేదు, గంతే," అన్నాను.

ఆయన చెయ్యి తీసేశాడు. లోపలికి వెళ్లి రంగు డబ్బా తెచ్చి, మార్చకుండా వదిలేసిన ఆ ఎడమ కాలికి తనే రంగు వేశాడు. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను. నెలాఖరున వాళ్ల సామాను నస్పూర్ చేర్చింది కూడా నా లారీలోనే. దారంతా ఆయన నా పక్కనే కూర్చున్నాడు. ఆ సంగతి నేను ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు.

వానలు మొదలయ్యాక, లోడుతో వస్తుంటే ఆ కాలు విరిగింది. రేడియేటర్ వెనక్కి ఒరిగి ఫ్యాను రెక్కలకు తగిలి చిరిగిపోయింది. ఆవిరి తగ్గాక దిగి పట్టుకుంటే, రంగు కింద ఇనుము పొడిపొడిగా నా చేతిలో రాలింది. బండి షెడ్డులో పది రోజులు కాదు, అంతకంటే ఎక్కువే పడి ఉంది. ట్రిప్పులు పోయాయి. వాటికంటే నేను అన్న మాటే నన్ను ఎక్కువగా తిన్నది. వెళ్లి చెప్పుకోవాలని ఈ వారం, వచ్చే వారం అనుకుంటూ చలికాలం దాకా లాగాను. మొహం చెల్లలేదు.

చివరికి ఒక ఆదివారం నస్పూర్ వెళ్లాను. కాక గడప ముందు కుర్చీ వేసుకుని ఎండకు కూర్చున్నాడు. పక్కన చేరి, ఆ కాలు విరిగిందని, తప్పు నాదేనని ఎవరికీ వినపడకుండా మెల్లగా చెప్పాను. ఆయన చెవి వెనక చెయ్యి పెట్టి, వినబడ్తలేదు బిడ్డా, జర గట్టిగ చెప్పు అన్నాడు. గొంతు పెంచాను. ఇంకా గట్టిగ చెప్పు అన్నాడు. మూడోసారి అరిచేశాను.

"తప్పు నాదే కాకా. నిన్ను గట్ల అనొద్దుండె."

పక్క ఇళ్ల వాళ్లు బయటికి వచ్చి చూశారు. చిన్నమ్మ వంటింట్లోంచి గరిటెతో వచ్చింది. కాక భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడేమోనని కంగారుపడి చూస్తే, నవ్వుతున్నాడు.

"మొదటిసారే వినబడ్డది. మంచిగనిపిచ్చి మల్ల చెప్పిచ్చుకున్న," అన్నాడు.

కళ్లు తుడుచుకుంటూ నేనూ నవ్వాను. అన్నం తినేదాకా వాళ్లు నన్ను కదలనివ్వలేదు. ఆ తర్వాతి ఎండాకాలంలో ఆయన పోయాడు.

ఇప్పుడు ఎవరినైనా ఒక మాట అని నొప్పించానని తెలిస్తే, ఆ రోజే వెళ్లి తప్పు ఒప్పుకుంటాను. మా ఆవిడకు ఇది తెలిసిపోయింది. వినబడనట్టు అటు తిరిగి కూర్చుంటుంది. వినబడిందని నాకూ తెలుసు. అయినా గొంతు పెంచి ఇంకోసారి చెబుతాను. మొదటిసారి చెప్పేది ఆమెకు. రెండోసారి చెప్పేటప్పుడు మాత్రం ఎదురుగా సామేలు కాక ఉంటే బాగుండునని ప్రాణం కొట్టుకుంటుంది.